నీళ్లకు ఆగని రాయి

“...బురద కాకపోతే మరేంటిరా? బురదలా ఉంటే బురదే అనుకుంటారు!”

“నీలంగా ఉంది కదక్కా! కళ్లెక్కడ పెట్టుకున్నావ్?”

“నీ ముఖానే. మెల్లగా మాట్లాడు, మేడమ్ జీపు దిగుతోంది.”

అక్క నీళ్ల గొట్టం కట్టేసింది. రేకుల షెడ్డులో ఆమె పని, బోరు వేసే రిగ్ మీద తమ్ముడు భూమిలోంచి తీసి పంపిన రాతి కడ్డీలను కడిగి, చెక్కపెట్టెల గాడుల్లో లోతు ప్రకారం పేర్చడం. ఆ కడ్డీని వాళ్లు కోర్ అంటారు. రాయి ముఖం కనిపించేదాకా వదలదని ఆమెకు తలంటక్క అని పేరు పెట్టారు. ఇంట్లో వంకాయలు కూడా ఆమె చేతిలో మూడు నీళ్లు చూడాల్సిందే.

భర్త పోయాక ఈ పనిలో చేరింది. తమ్ముడిని ఈ కూలితోనే పెంచింది. వాడు రిగ్ మీద గ్రీజు పూయడంతో మొదలుపెట్టి డ్రిల్లర్ అయ్యాడు. కిందటి బోరులో తొందరపడి గొట్టం లాగితే కోర్ జారి లోపలే పోయింది. “ఇంకోసారి పోతే రిగ్ ఎక్కనివ్వం” అన్నారు పైవాళ్లు. అప్పటి నుంచి పెట్టెలో ఒక్క గాడి ఖాళీగా కనిపించినా ఆమె గుండె జారేది.

ఇప్పుడు రెండు బారల మేర ఖాళీ.

వారాలుగా గ్రానైటే వచ్చింది. ఇవాళ పొద్దున బూడిద నీలం రంగులో ఏదో అంటుకున్నట్టున్న కడ్డీ వచ్చింది. లోపల రాయి ఉందనుకుని నీళ్లు వదిలింది. ఎంత కడిగినా రాయి తేలలేదు. అనుమానం వచ్చేసరికి అంతా కాలువ పాలైంది.

ఖనిజాల కోసం ఈ బోర్లు వేయిస్తున్న జియాలజిస్టు మేడమ్ లోపలికొచ్చి పెట్టె వైపు చూడలేదు. కాలువ దగ్గరే ఆగి, బురదలోంచి పచ్చటి ఉండనొకటి తీసింది. పక్కనే నేరేడు రంగు గింజ.

“ఇవి ఇక్కడి రాళ్లు కావు!” ఆమె గొంతు మారిపోయింది. “వజ్రాలు మోసుకొచ్చే రాయి, కింబర్లైట్, అది తెచ్చిన సరుకు. భూమి పైపెంకుకు చాలా కింద, రాయి ఎక్కడో పిసరంత కరుగుతుంది. ఆ ద్రవంలో నీళ్లు, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. పైకొస్తూ దారిలో రాళ్లు పీక్కుంటుంది. వాటిలో కొన్నింటిని కరిగించుకుంటుంది. కరిగించుకునేకొద్దీ దాని తీరు మారిపోతుంది, గ్యాసు పొంగుతుంది, ఇంకా తేలికై ఇంకా పరుగు తీస్తుంది. ఇంత ముసలి గ్రానైట్‌నైనా చీల్చుకునే వస్తుంది. నెమ్మదిగా వచ్చుంటే ఈ బరువు ఉండలు మధ్యలోనే దిగబడిపోయేవి.”

అక్క తల ఊపుతోంది. ఒక్క ముక్కా చెవికెక్కడం లేదు. ఆ ఒక్క ప్రశ్న ఎప్పుడు వస్తుందా అని మేడమ్ పెదవులనే చూస్తోంది. తమ్ముడు గ్రీజు గుడ్డతో శుభ్రంగానే ఉన్న చేతులు తుడుచుకుంటున్నాడు.

“పైకొచ్చాక కోట్ల ఏళ్లు నీరు తగిలి మెత్తబడుతుంది. మట్టికీ దానికీ తేడా ఉండదు. సరే, కోర్ చూపించు.”

ఎవరూ కదల్లేదు. మేడమ్ పెట్టె దగ్గరికి నడిచింది. ఖాళీ గాడుల పొడవునా వేలు జరిపి చూసింది.

“పరీక్షకు ఏం పంపను? కాలువలో పోగైన బురదనా? దాన్నెవరు నమ్ముతారు? పక్కన ఇంకో బోరు అడగాలంటే, ఇది ఎలా పోయిందో రాయాలి. ఎవరి దగ్గర పోయిందో కూడా రాయాలి.”

“లాగేటప్పుడు జారింది మేడమ్,” అన్నాడు తమ్ముడు గబుక్కున. “నా దగ్గరే పోయింది.”

అక్క వాడి వైపు తిరిగింది. చిన్నప్పుడు పలక పగలగొట్టి నెపం పిల్లి మీద పెట్టేటప్పుడు కూడా ఇలాగే గబుక్కున అనేవాడు.

“పిచ్చి వాగుడు వాగకు.”

“నువ్వూరుకో అక్కా!”

“నువ్వే ఊరుకోరా. జారినదాంట్లోంచి ఈ ఉండలు నా కాలువలోకి నడిచొచ్చాయా?”

మేడమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “రిపోర్టు సాయంత్రం వెళ్లాలి. ఎవరి పేరు రాసినా వాళ్లు రేపటి నుంచి ఉండరు. నా చేతిలో లేదు.”

అక్క రబ్బరు చేతి తొడుగులు విప్పి పెట్టె అంచున పెట్టింది. వేళ్లు నానిపోయి తెల్లగా ఉన్నాయి.

“నా పేరు రాయండి మేడమ్. రేపటి నుంచి నేను రాను. పక్క బోరు వీడే వేస్తాడు.”