ఆ చేతికి కాజా ఇవ్వలేదు

ఆస్పత్రిలో కాన్పయ్యాక, ఇంటికి బయలుదేరే ముందు అందరికీ కాజాలు పంచడం మా వైపు ఆనవాయితీ. డాక్టరమ్మ దగ్గర్నుంచి గచ్చు కడిగే మనిషి దాకా ఎవరినీ వదలకూడదు. వదిలితే వాళ్ళ మనసు నొచ్చుకుంటుందని, అది పసిబిడ్డకు తగులుతుందని భయం. నేనూ ఆ భయంలో పెరిగినదాన్నే. మా మనవరాలి కాన్పుకి మాత్రం ఒక మనిషిని వదిలేశాను. మర్చిపోయి కాదు.

దాని తల్లి, అంటే నా కూతురు, కువైట్‌లో ఇంటిపని చేస్తుంది. సెలవు దొరకలేదు. తొలికాన్పు పుట్టింటివాళ్ళు చెయ్యాలి కనుక నేను వెళ్ళాను. పొద్దున్నే నొప్పులు మొదలైతే ఆటోలో పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాం. ఆయమ్మ దాని జుట్టు విప్పి రెండు జడలు బిగించి అల్లింది. గాజులు తీయించి నా చేతిలో పెట్టింది.

"మా అమ్మమ్మని కూడా రానివ్వండి సిస్టర్" అంది మనవరాలు.

"ఇక్కడేమన్నా పెళ్ళి జరుగుతుందా, చుట్టాలంతా రావడానికి? నడు" అంది సిస్టర్. పొడుగు మనిషి. తలుపు వేసేశారు. ఆ తలుపుకి పైన అద్దం పగిలి ఉంది, అట్టముక్క పెట్టారు. మాటలన్నీ బయటికే వస్తాయి.

తలుపు పక్కన గోడకి ఒక బోర్డు ఉంది. నాకు అక్షరాలు వచ్చింది ముసలితనంలో. నేర్పింది ఈ మనవరాలే. ఇంటర్ చదివే రోజుల్లో సాయంత్రం పూట పలక నా ఒళ్ళో పెట్టేది. తప్పు రాస్తే చెరిపి, నా చెయ్యి పట్టుకుని మళ్ళీ దిద్దించేది. ఒక్కసారి విసుక్కోలేదు. అప్పటి నుంచి ఎక్కడ బోర్డు కనపడినా కూడబలుక్కుని చదువుతాను. 'కాన్పుకి వచ్చిన తల్లితో మర్యాదగా మాట్లాడండి' అని ఉంది. 'మర్యాద' అన్న మాట దగ్గర ఉన్నాను. లోపల్నుంచి కేక వినపడింది.

"మొగుడి పక్కలో లేని ఏడుపు ఇప్పుడెందుకే? నోర్ముయ్! కాళ్ళు దగ్గరికి లాగావంటే చూడు!"

తర్వాత చప్పుడు. చెయ్యి ఒంటి మీద పడితే వచ్చే చప్పుడు. మొగుడితో కాపరం చేసినదాన్ని, పోల్చుకోలేకపోవడానికేముంది. ఇంకొకటి వినపడింది. ఆ తర్వాత మా పిల్ల గొంతు లేదు.

బల్ల మీద నా పక్కన కూర్చున్న ఆవిడ, కోడల్ని తీసుకొచ్చిందట, నవ్వింది. "తొడ మీద రెండు తగిలిస్తే గానీ కనరండి ఇప్పటి పిల్లలు."

"మీ తొడ ఇలా పెట్టండి, నేను తగిలిస్తాను" అన్నాను. ఆవిడ జరిగి కూర్చుంది.

నాకు కోపం రావాలి. రాలేదు. వరి ఊడ్పుల్లో పొద్దస్తమానం నీళ్ళలో నిలబడితే కాళ్ళు మనవి కానట్టు ఉంటాయి. ఒళ్ళంతా అలా ఉంది. గాజులు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

మా రోజులు బంగారమని చెప్పను. నా కాన్పులకి వచ్చిన మంత్రసాని కూడా తిట్టేది. మా అమ్మనీ అమ్మమ్మనీ కలిపి తిట్టేది. తిడుతూనే నా చేతులు తన మెడ చుట్టూ వేయించుకునేది. ఆవిడ వీపంతా రక్కేశాను. రక్కించుకుంది. కొట్టలేదు.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. బిడ్డ బాగానే ఉంది. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ బరువెంత అని అడిగారు. కువైట్ నుంచి నా కూతురూ అదే అడిగింది.

"నీ కూతురు ఎలా ఉందో అడగవే" అన్నాను.

"ఎలా ఉందమ్మా?"

"మాట్లాడట్లేదు."

"నీరసంలే అమ్మా. ఎవరి పోలిక?"

మర్నాడు ఒళ్ళు తుడుస్తుంటే తొడ మీద వేళ్ళు తేలి కనపడ్డాయి. ఎవరని అడిగాను. "పొడుగు సిస్టర్" అంది. ఏడవలేదు. చీర కిందకి లాక్కుంది.

ఇంటికి పంపించే రోజు దాని మొగుడు కాజాల పెట్టె తెచ్చాడు. రావులపాలెం మార్కెట్లో అరటిగెలలు లోడు చేస్తాడు, నెమ్మదస్తుడు. పెట్టె విప్పుతుంటే మనవరాలు అంది, "అమ్మమ్మా, ఆ చేతికి మాత్రం ఇవ్వకు."

"ఊరుకో" అన్నాడు అతను. "టీకాలకి మళ్ళీ ఇక్కడికే రావాలి. ఆ కోపం పిల్ల మీద చూపిస్తే? ఇచ్చేయండి అమ్మమ్మగారూ, ఒక్క కాజాతో పోయేదేముంది?"

"ఒక్క కాజాయే కదా. ఇవ్వకపోతే మాత్రం పోయేదేముంది?" అంది. బిడ్డ పుట్టాక అది మాట్లాడిన పెద్ద మాట అదే.

వార్డంతా పంచాను. డాక్టరమ్మ తీసుకుంది. ఆయమ్మ రెండు తీసుకుంది. టేబుల్ దగ్గర ఆ పొడుగు సిస్టర్ కూర్చుని ఉంది. దాటుకుని వెళ్ళాను.

"ఏంటి మామ్మగారూ, నన్ను దాటేసి పోతున్నారు? ఆడపిల్ల పుట్టిందని అప్పుడే పొదుపు మొదలెట్టేశారా?"

"పొదుపు కాదండి. మా పిల్ల మీకివ్వద్దంది. తొడ మీద కొట్టారు కదా."

ఆయమ్మ నమలడం ఆపింది.

"అయ్యో, అది కొట్టడమంటారా? కాళ్ళు దగ్గరికి లాగేస్తుంటే బిడ్డ తల నలిగిపోదా? మీ బిడ్డని బయటికి తీసింది ఈ చెయ్యేనండి."

"కాదనను. కొట్టిందీ ఆ చెయ్యేగా."

"అందరినీ అలాగే అంటాం మామ్మగారూ. ఇంతవరకూ ఎవరూ ఇలా అనలేదు."

"అనరండి. మళ్ళీ రావాలి కదా. మేమూ రావాలి."

ఆవిడ లేచి మంచం దగ్గరికి వెళ్ళింది. "ఏమ్మా, ఇంకా నొప్పుందా?"

మనవరాలు ఆవిడ మొహంలోకి చూసింది. "ఉందండి" అంది.

ఇంకేదో అంటుందేమోనని ఆవిడ నిలబడింది. ఇది బిడ్డ వైపు తిరిగింది. వార్డు ఆ చివర్నుంచి ఎవరో పిలిస్తే ఆవిడ వెళ్ళిపోయింది.

ఆటోలో పెట్టె నా ఒళ్ళో ఉంది. అడుగున ఒక్కటే మిగిలింది. "అది ఎవరికండీ?" అన్నాడు ముందు కూర్చున్న దాని మొగుడు. మనవరాలు బిడ్డని ఒక చేతి మీదికి మార్చుకుని, రెండో చెయ్యి చాపింది. కాజా తీసి ఇచ్చాను. సగం విరిచి నా నోట్లో పెట్టింది, సగం తను తింది. పాకం నా గడ్డం మీద కారింది. తియ్యగా ఉందా అని అడిగితే చెప్పలేను.