వచ్చే నీళ్లు, పోయే నీళ్లు

2023 ఏప్రిల్. మెల్‌బోర్న్ పడమటి శివారులో, హైవే పక్కనున్న ఒక కారవాన్ యార్డులో నాకది ఆరో ఏడు. కారవాన్ అంటే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు. మంచం, పొయ్యి, సింకు, చిన్న బాత్రూమ్ అన్నీ అందులోనే ఉంటాయి. మొదటిసారి కొన్నవాళ్లకి బండి అప్పజెప్పే రోజున గంటన్నరసేపు దగ్గరుండి ప్రతిదీ చూపించాలి. దాన్ని హ్యాండోవర్ అంటారు. అదే నా పని.

ఇదే ఊళ్లో, క్లేటన్‌లో చదువుకునే రోజుల్లో శని, ఆదివారాలు ఈ యార్డుకొచ్చి బండ్లు కడిగేదాన్ని. చదివింది అకౌంటింగ్, స్థిరపడింది మాత్రం ఇక్కడ. నిజామాబాద్‌లో మా అమ్మని ఎవరైనా అడిగితే "మా మంజుల బండ్లు అమ్ముతది" అని చెప్పి ఊరుకుంటుంది. నిజానికి అమ్మేవాళ్లు వేరే. అమ్మిన బండిలో ఎలా బతకాలో చెప్పడం నా వంతు.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది నీళ్ల దగ్గర. బండికి వచ్చే నీళ్లు వేరు, పోయే నీళ్లు వేరు. కారవాన్ పార్కులో మనకిచ్చిన స్థలం పక్కనే కుళాయి ఉంటుంది. తాగునీటికని తయారుచేసిన పైపు ఒక కొస దానికి, రెండో కొస బండికి తగిలించాలి. కొన్ని పార్కుల్లో కుళాయి ఒత్తిడి విపరీతంగా ఉంటుంది కాబట్టి మధ్యలో ప్రెషర్ లిమిటింగ్ వాల్వ్ అనే చిన్న ఇత్తడి ముక్క బిగించాలి. లోపలి సన్నటి గొట్టాలు పగిలిపోకుండా కాపాడేది అదే. ఇక పోయేవి. సింకు, షవర్ నీళ్లు సల్లేజ్ హోస్ అనే ముడతల గొట్టంలోంచి పార్కువాళ్ల డ్రెయిన్‌లోకి పోతాయి. టాయిలెట్‌ది క్యాసెట్ అనే పెట్టెలో పడుతుంది. నిండాక సూట్‌కేసులా లాక్కెళ్లి డంప్ పాయింట్‌లో, అంటే మురుగు కాలువకి కలిపిన తొట్టిలో ఒంపి, కడుక్కుని రావాలి.

ఇదంతా నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ ధీమాతోనే ఒకసారి తప్పు చేశాను.

రాఘవరావు అంకుల్ ఈస్టర్‌కి ముందు వారం వచ్చారు. ఒంగోలు ఆయన. యాభై ఎనిమిదేళ్లుంటాయి. ఇక్కడికి దగ్గర్లోనే పాయింట్ కుక్‌లో ఇల్లు, బస్సు డ్రైవర్ ఉద్యోగం. మా దగ్గర పదిహేడు అడుగుల సెకండ్‌హ్యాండ్ కారవాన్ తీసుకున్నారు. హ్యాండోవర్‌కి ఒక్కరే వచ్చారు. జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి నేను చెప్పిందల్లా తెలుగులో రాసుకోసాగారు. క్యాసెట్ దగ్గరికొచ్చేసరికి ఆగారు.

"దీన్లో ఎన్ని లీటర్లు పడతాయమ్మా?"

"పద్దెనిమిది దాకా, అంకుల్. ఇద్దరే అయితే రెండు మూడు రోజులొస్తది."

"రోజూ పన్నెండు, పదమూడు లీటర్లు అదనంగా పోశామనుకో?"

నేను నవ్వేశాను. "పన్నెండు లీటర్లా! ఏంది అంకుల్, పార్టీ ఇస్తున్నరా?"

ఆయన కూడా నవ్వారు. రాయబోయింది రాయకుండా నోట్‌బుక్ మూసేశారు. నాకు ఆ రోజు ఇంకా రెండు హ్యాండోవర్లున్నాయి. బయట ఒక కుటుంబం చిన్నపిల్లలతో ఎదురుచూస్తోంది. ప్రెషర్ వాల్వ్ సంగతి ఆయనకి చెప్పాననే అనుకున్నాను. చెప్పానో, చెప్పాననుకుని ముందుకెళ్లిపోయానో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఈస్టర్ సెలవులయ్యాక మంగళవారం పొద్దున, యార్డు తెరిచేసరికి ఆయన బండి గేటు ముందుంది. కారు ముందు సీట్లో ఒకావిడ కూర్చుని ఉన్నారు. అంకుల్ తాళాలు నా చేతిలో పెట్టారు.

"ఇది మాకు అచ్చిరాలేదమ్మా. ఎంతకో కొంతకి మీరే తీసేసుకోండి."

"ఏమైంది అంకుల్?"

"మాకు చేతకాదులే. అంతే."

లోపలికెళ్లి చూశాను. సింకు కింద గొట్టం జాయింటు ఊడి ఉంది. నేల చెక్క ఉబ్బింది. కుళాయికి తగిలించిన పైపు ఇంకా చుట్టకుండా ఒక మూల పడి ఉంది. పెరట్లో మొక్కలకి వాడే ఆకుపచ్చ పైపు. దానికి వాల్వ్ లేదు. మంచం పక్కన పెద్ద అట్టపెట్టెలు నాలుగు, అడుగున తడిసి మెత్తబడి ఉన్నాయి. పైన ఏదో మందుల కంపెనీ లేబుల్ ఉంది.

"ఇవేంటివి అంకుల్?"

ఆయన లేబుల్ కనపడకుండా పెట్టెని గోడవైపు తిప్పబోయారు. ఈలోగా కారు తలుపు చప్పుడైంది. ఆవిడ మెల్లగా మెట్టెక్కి లోపలికొచ్చారు.

"చెప్పడానికి సిగ్గేంటండీ?" అని భర్తని అని, నా వైపు తిరిగారు. "నా పేరు సుభద్ర. నా కిడ్నీలు పనిచెయ్యవమ్మా. హోమ్ డయాలసిస్ మీద ఉన్నా."

ఆవిడ చైల్డ్‌కేర్‌లో పదిహేనేళ్లు పనిచేశారట. ఏదైనా మూడేళ్ల పిల్లలకి కూడా అర్థమయ్యేలా చెప్పడం అలవాటు. నాకూ అలాగే చెప్పారు. పొట్టలోకి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. పడుకునే ముందు దాన్ని మెషిన్‌కి కలుపుకోవాలి. మెషిన్ బ్యాగుల్లోని ద్రవాన్ని లోపలికి పంపి, ఒంట్లోని మలినంతో సహా మళ్లీ బయటికి తీస్తుంది. తెల్లారేసరికి పన్నెండు, పదమూడు లీటర్లు బయటికొస్తాయి. ఇంట్లోనైతే ఆ డ్రెయిన్ లైన్‌ని బాత్రూమ్‌లోకి వదిలేస్తారు.

"టూ ఇయర్స్ నుంచి ఆ బెడ్‌రూమ్ వదిలి ఎక్కడా పడుకోలా. ఈయన ఈ ప్లాన్ వేశాడు. ఆ నీళ్లు రెండు బకెట్లలో పట్టి పార్కు టాయిలెట్ బ్లాక్ దాకా మోస్తానన్నాడు. అంతదాకా రానే లేదు. వెళ్లిన రోజు ఆఫ్టర్‌నూన్ బీచ్‌కి నడిచి వచ్చేసరికి లోపలంతా నీళ్లు. నా డయాలసిస్ బ్యాగులున్న బాక్సులన్నీ తడిసినయ్. ఒక్క జెర్మ్ లోపలికెళ్లినా హాస్పిటలే. వాటితో ఎక్కించుకోడానికి ధైర్యం చాలక వెంటనే ఇంటికొచ్చేశాం."

పన్నెండు లీటర్ల ప్రశ్నకి నేను నవ్విన నవ్వు గుర్తొచ్చి మొహం వేడెక్కింది. ఆయన అడిగింది భార్య ప్రాణానికి సంబంధించిన లెక్క. నేను దాన్ని జోకు చేసి, ఆయన నోరు మూయించాను.

"అంకుల్, తప్పు నాది" అన్నాను. "ఆ రోజు మీరు అడిగినప్పుడు ఎందుకని నేను అడగాల్సింది. బండి రెండు వారాలు నా దగ్గర వదిలిపెట్టండి. అప్పటికీ వద్దనిపిస్తే నేనే దగ్గరుండి అమ్మిపెడతా."

అంకుల్ తల అడ్డంగా ఊపబోయారు. ఆంటీ అప్పటికే మంచం మీద కూర్చుని, చేత్తో పరుపు ఒత్తి చూస్తున్నారు.

"బెడ్ మాత్రం బాగుందండీ" అన్నారు.

మా వర్క్‌షాపులో కోలిన్ అనే ప్లంబర్ ఉన్నాడు. అరవై దాటినవాడు, కారవాన్ల కింద పడుకునే సగం జీవితం గడిపాడు. ఊడిన జాయింటు, ఉబ్బిన నేల బాగుచేయడం అతనికి పెద్ద పని కాదు. పోయే నీళ్ల దగ్గరే ఆగిపోయాం. ఆంటీని పిలిపించి, ముగ్గురం బండిలో నిలబడి ఆవిడని చూసుకునే డయాలసిస్ నర్సుకి ఫోన్ చేశాం. స్పీకర్ పెట్టాం.

"సుభద్రా, ట్రిప్‌కి వెళ్లాలనుందని నాకెందుకు చెప్పలేదు?" నర్సు మొదటి మాట అదే.

"వద్దంటారేమోనని" అన్నారు ఆంటీ చిన్న గొంతుతో.

"నా పేషెంట్లు కారవాన్లలో దేశమంతా తిరుగుతున్నారు. ముందే చెబితే బాక్సులు నువ్వు వెళ్లే పార్కుకే డెలివరీ చేయిస్తాం."

రెండేళ్లుగా ఆంటీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

నర్సు కోలిన్‌కి గట్టిగా చెప్పింది. డ్రెయిన్ లైన్ కొస ఎట్టి పరిస్థితిలోనూ నీళ్లలో మునగకూడదు. వెనక్కి ఏదీ ఎక్కకూడదు. ఆ నీళ్లు టాయిలెట్ నీళ్లతో సమానం, గడ్డి మీద పోయకూడదు, సింకు నీళ్లలో కలపకూడదు. చేతులు కడుక్కునే నీళ్లు శుభ్రంగా ఉండాలి.

కోలిన్ కాసేపు గడ్డం గోక్కుని, ఇది చాలా తేలికన్నట్టు "టూ ఈజీ, టన్‌డిష్" అన్నాడు.

టన్‌డిష్ అంటే ప్లంబర్లు వాడే ఒక చిన్న గరాటు. పై గొట్టం కొస గాలిలోనే ఉంటుంది. నీళ్లు దాంట్లోంచి గరాటులోకి పడి, కింది గొట్టంలోకి పోతాయి. ఎక్కడైనా అడ్డుపడి గరాటు నిండినా అంచుల మీదుగా కింది ట్రేలోకి పొర్లుతాయి తప్ప పై గొట్టాన్ని అంటవు. గరాటు నుంచి బండి నేల గుండా ఒక విడి గొట్టం దించి, బయట చక్రాలున్న నలభై లీటర్ల ట్యాంకుకి కలుపుతానన్నాడు. రోజూ పొద్దున దాన్ని డంప్ పాయింట్‌కి లాక్కెళ్తే చాలు.

గరాటు తలగడ పక్కన పెడతానంటే మాత్రం ఆంటీ ఒప్పుకోలేదు.

"నో నో, నేను పడుకునేది అక్కడ. షూస్ పెట్టే కబోర్డ్ ఉంది కదా, కాళ్ల దగ్గర. దాన్లో పెట్టు. డోర్ వేసేస్తే కనపడదు."

కోలిన్ కొలిచి చూశాడు. లైన్ సరిపోయింది, పైగా అక్కడైతే వాలు ఇంకా బాగుంది. "ఆవిడ చెప్పిందే కరెక్ట్" అన్నాడు.

రెండు వారాలయ్యాక మళ్లీ హ్యాండోవర్. ఈసారి నేను ఏదీ ముట్టుకోలేదు. ఆంటీ తన బ్యాగులోంచి రంగు టేపులు తీశారు. వచ్చే గొట్టాలకి నీలం, సింకు నీళ్లకి పసుపు, తన ట్యాంకుకి గోధుమరంగు చుట్టారు. చైల్డ్‌కేర్‌లో పిల్లల సంచులకి అలాగే చుట్టేవారట. వాల్వ్‌ని కుళాయికి తనే బిగించారు. ఫిల్టర్, దాని తర్వాత కొత్త పైపు. కుళాయిని కొంచెం కొంచెంగా తిప్పి, లోపలికెళ్లి సింకు కింద ప్రతి జాయింటునీ టిష్యూ పేపర్‌తో తుడిచి చూశారు. పేపర్ పొడిగా ఉంది.

"బయటికి వెళ్లేటప్పుడు?" అని అడిగాను.

"కుళాయి కట్టేసి వెళ్లాలి. మళ్లీ నాకు చెప్పక్కర్లేదు" అన్నారు నవ్వుతూ.

అంకుల్ నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డారు గానీ ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆవిడనే చూస్తున్నారు.

మొదటి పరీక్ష వాళ్ల డ్రైవ్‌వేలోనే. సొంతింటి ముందు, సొంత కుళాయికి తగిలించుకుని పడుకోమన్నాను. ఏదైనా తేడా వస్తే పది అడుగుల్లో బెడ్‌రూమ్ ఉంటుంది. మర్నాడు పనికి వెళ్తూ పొద్దున్నే వాళ్లింటి దగ్గర ఆగాను. అంకుల్ మొహం వాడిపోయి ఉంది. గరాటు కింది ట్రేలో రెండు లీటర్ల దాకా నీళ్లున్నాయన్నారు.

కబోర్డ్ తలుపు తీసి చూశాను. గరాటు అంచుదాకా నిండి ఉంది. కానీ పైన లైన్ కొస పొడిగా, గాలిలోనే వేలాడుతోంది. నీళ్లు దాన్ని తాకనేలేదు. బయటికొచ్చి బండి కిందకి వంగాను. డ్రైవ్‌వే వీధివైపు వాలుగా ఉంది. అంకుల్ ట్యాంకుని ఇంటివైపు, అంటే ఎగువన పెట్టారు. నీళ్లు ఎక్కలేక ఆగిపోయాయి.

"మనం ఎంత మంచి గొట్టం వేసినా నీళ్లు పల్లానికే పోతాయి అంకుల్. ట్యాంకు అటువైపు పెట్టండి."

ట్యాంకుని వీధివైపుకి మార్చగానే గడగడమని శబ్దం చేస్తూ గరాటు ఖాళీ అయిపోయింది. ఆంటీ నర్సుకి ఫోన్ చేసి జరిగింది మొత్తం చెప్పారు. లైన్ తడవలేదు కాబట్టి ఫర్వాలేదంది. ఇదే ఇబ్బంది దూరంలో ఏదో పార్కులో వచ్చి ఉంటే అంకుల్ బండి వెనక్కి తిప్పేసేవారు. ఇంటి ముందు వచ్చింది కాబట్టి ఇద్దరూ నేర్చుకున్నారు. ఎదురింటావిడ మాత్రం మొగుడూ పెళ్లాం పోట్లాడి ఒకరిని బయట పడుకోబెట్టారనుకుందట. ఆ సంగతి చెబుతూ ఆంటీ పడీ పడీ నవ్వారు.

ఇక్కడ చలికాలమైన జూన్‌లో వార్నంబూల్ వెళ్లారు, ఆ రోజుల్లో అక్కడి సముద్రంలోకి తిమింగలాలు వస్తాయని. ఒక పొద్దున నేను ఎవరికో క్యాసెట్ చూపిస్తుండగా ఫోన్ మోగింది.

"మంజులా, వేల్స్ ఒక్కటి కూడా కనపడలేదమ్మా. చలి మాత్రం చంపేస్తోంది."

"అయ్యో ఆంటీ!"

"అయ్యో ఏంటి! నిన్నే ఇంటికి రావాల్సింది. ఇంకో ఫోర్ డేస్ ఎక్స్‌టెండ్ చేశాం. బాక్సులు పార్కుకే వచ్చినయ్. మీ అంకుల్ రోజూ పొద్దున్నే ట్యాంకు లాక్కెళ్తూ పార్కంతా ఫ్రెండ్స్‌ని చేసుకున్నాడు. లేవగానే తలుపు తీస్తే కొత్త చోటు కనపడుతోందమ్మా. అది ఎట్లా ఉంటుందో నేను మర్చిపోయా."

పక్క స్థలంలోకి ఒక కొత్త జంట వచ్చి, ఆకుపచ్చ పైపుని వాల్వ్ లేకుండా తగిలించబోతుంటే ఆంటీ ఆపారట. తన దగ్గరున్న రెండో వాల్వ్ ఇచ్చి, దగ్గరుండి బిగించి చూపించారట. "నీ జాబ్ నేను లాక్కుంటా జాగ్రత్త" అని పెట్టేశారు.

ఆ తర్వాత నేను హ్యాండోవర్ మొదలుపెట్టే పద్ధతి మారింది. ఇదివరకు నేరుగా పైపు చేతిలోకి తీసుకునేదాన్ని. ఇప్పుడు ముందు కుర్చీలు వేసి కూర్చోబెడతాను. ఈ బండిలో ఎవరెవరు పడుకుంటారు, పొద్దున లేచిన దగ్గర్నుంచి వాళ్ల రోజు ఎలా గడుస్తుంది అని అడుగుతాను. చాలామంది మామూలుగానే చెప్పి ఊరుకుంటారు. అప్పుడప్పుడు ఒకరు కాస్త తటపటాయించి, ఏదో వింత ప్రశ్న అడుగుతారు. షవర్‌లో స్టూలు పడుతుందా, ఫ్రిజ్ ఎన్ని గంటలు ఆగినా మందు పాడవదు, రాత్రి టాయిలెట్ లైటు ఆరకుండా ఉంచొచ్చా. అలాంటి ప్రశ్న వినపడితే నేనిప్పుడు నవ్వను. బయట ఎంతమంది ఎదురుచూస్తున్నా సరే, "ఎందుకడుగుతున్నారు? చెప్పండి" అని ఇంకో కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటాను.