ముత్తంగి దాకా గీసిన రైలు

డెబ్భైల మొదట్లో పటాన్‌చెరులో మా ఆఫీసు ఒక పాత ధాన్యం గోదాములో నడిచేది. పైన రేకులు, కింద నాపరాళ్లు. కిటికీ తీస్తే రోడ్డు మీది దుమ్ము వచ్చి పటాల మీద వాలేది, మూస్తే ఊపిరాడేది కాదు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. నాన్న పోయాక అమ్మ తెనాలిలో అన్నయ్య దగ్గర ఉండిపోయింది. నాకు ట్రేసరుగా ఉద్యోగం వచ్చి ఒక్కదాన్నే ఇటు వచ్చాను. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన పటం మీద గంజి పెట్టిన పల్చటి నీలం గుడ్డ పరిచి, నల్ల ఇంకుతో మళ్లీ గీయడం నా పని. చెయ్యి వణకకూడదు, చెమట చుక్క పడకూడదు. రెండూ నాకు బాగానే పట్టుబడ్డాయి.

మేం గీస్తున్నది ఒక రైలు దారి. పెద్ద రైలు కాదు. రెండేసి పెట్టెలు, పైన కరెంటు తీగ, రోడ్డు పక్కనే పట్టాలు. పొద్దున షిఫ్టుకు నగరంలో ఎక్కిన కార్మికుడు ఫ్యాక్టరీ గేటు ముందు దిగాలని, లారీల్లో నిలబడి వచ్చే బాధ తప్పాలని ప్రభుత్వం ఆలోచన. నగరం నుంచి పటాన్‌చెరు, అక్కణ్నుంచి ఇంకొంచెం ముందుకు ముత్తంగి దాకా. ఊళ్లో వాళ్లు దాన్ని కరెంటు బండి అనేవాళ్లు. మా ఆఫీసు పని సర్వే చేయడం, పటం గీయడం, ఎంత ఖర్చవుతుందో అంచనా రాసి నగరానికి పంపడం.

బజారులో పప్పులు, జొన్నలు అమ్మే ఒక సేటు ఇంట్లో వెనక గది కిరాయికి తీసుకున్నాను. మా కోస్తా వాళ్లు చాలామందే ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండేవాళ్లు కానీ అందరూ సంసారులు. ఒంటరి ఆడపిల్లను ఒకసారి భోజనానికి పిలుస్తారు, రెండోసారి పెళ్లి మాట ఎత్తుతారు, మూడోసారి పిలవరు. శనివారం సాయంత్రం ఆఫీసు మూసింది మొదలు సోమవారం పొద్దున తెరిచేదాకా నా గొంతు నాకే వినపడని వారాలున్నాయి. ఒక్కోసారి మాట మర్చిపోతానేమోనని భయమేసి, బజారుకెళ్లి అక్కర్లేని ఉప్పు ప్యాకెట్టు కొనుక్కొచ్చేదాన్ని.

మొదటి అంచనా వెళ్లిన కొన్నాళ్లకే తిరిగొచ్చింది. మా ఇంజనీరుగారు పెద్దాయన, నెమ్మదస్తుడు. కాగితాలు బల్ల మీద పెట్టి, "మళ్లీ రాయాలమ్మా. ఇనుము పెరిగింది. తీగకు కావలసిన రాగి పెరిగింది. సిమెంటు దొరకడమే లేదు. మనం ఒక పుట రాసి ఇంకు ఆరేలోపు ధర ఇంకో మెట్టెక్కుతోంది" అన్నారు.

రెండోసారి రాశాం. అదీ తిరిగొచ్చింది. పెట్టెలకు కావలసిన మోటార్లు బయటి దేశం నుంచి రావాలట, అక్కడా పెరిగిందట. ఇంజనీరుగారు అంకెలు కొట్టేసి పైన కొత్త అంకెలు వేసేవారు. నేను పటం పక్కనుండే పట్టికను మళ్లీ గీసేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒకసారి ముత్తంగి చివర కొలతలు సరిచూడడానికి నన్నూ వెంట తీసుకెళ్లారు. గొలుసు పట్టి కొలిచే చైన్‌మన్ ఉండేవాడు, నలభై దాటిన మనిషి, ఆ పక్క ఊరివాడే. నేను తనకంటే చాలా చిన్నదాన్నయినా అమ్మా అని పిలిచేవాడు. నేను అన్నా అనేదాన్ని. రైలు ఆగే చోటు ఒక ముసలాయన జొన్నచేను అంచున పడింది. చేలో రాళ్లు కట్టిన బావి, దాని చుట్టూ నాలుగు నిమ్మచెట్లు. గూటాలు పాతుతుంటే ముసలాయన వచ్చి మాకు చెంబుతో నీళ్లిచ్చాడు. ఇంజనీరుగారు దూరంగా ఉన్నారు. ముసలాయన నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"బిడ్డా, గీ లైను నా బాయి మీదికెళ్లి పోతదా?"

బావికి పట్టాలు చాలా దూరంగా పోతాయని నాకు తెలుసు. ఆ పటం నేనే గీశాను. కానీ దారి వివరాలు బయటెవరికీ చెప్పకూడదని మాకు గట్టి ఆజ్ఞ.

"నాకు తెలీదు తాతా" అన్నాను.

"గవి మీరు గీసుడే గద. మీకెర్క లేదా?"

"పైవాళ్లకే తెలుస్తుంది."

అతను తల ఊపి ఖాళీ చెంబు తీసుకుని వెళ్లిపోయాడు. చైన్‌మన్ నా వైపు ఒకసారి చూసి మళ్లీ గొలుసు చుట్టడంలో పడ్డాడు.

ఆ వర్షాకాలం నాకు చలిజ్వరం వచ్చింది. మూడు రోజులు లేవలేదు. సేటు భార్య రోజుకు నాలుగుసార్లు గదికి వచ్చేది. గంజి తాగించింది, నుదుటి మీద తడిగుడ్డ వేసింది, ఒళ్లు తుడిచింది. జ్వరం తగ్గాక వచ్చిన ఆదివారం మధ్యాహ్నం నన్ను తన ముందు పీట మీద కూర్చోబెట్టుకుని తలకు నూనె పెట్టింది. అమ్మ దగ్గర్నుంచి వచ్చేశాక నా తల మీద మరొకరి చెయ్యి పడడం అదే మొదలు. కళ్లు మూసుకుని కూర్చున్నాను. చిక్కు తీస్తూ ఆవిడ అడిగింది.

"నీ కరెంటు బండి యాడ ఆగుతది బిడ్డా?"

"ముత్తంగిలో పిన్నిగారూ."

"ముత్తంగి అంటే శానా ఉన్నది. యాడ?"

"నాలుగు నిమ్మచెట్లున్న బావి లేదూ, ఆ చేను అంచున."

అంతే. ఆవిడ జడ వేసి, "జెర సేపు పండుకో" అని వెళ్లింది. నీళ్లిచ్చిన మనిషికి చెప్పనిది నూనె పెట్టిన మనిషికి చెప్పేశాననే ఆలోచన కూడా నాకు రాలేదు. ఆ సాయంత్రం చాలా హాయిగా ఉన్నట్టు గుర్తు.

రెండు నెలల తర్వాత ఆఫీసులో టీ తాగుతూ చైన్‌మన్ అన్నాడు, "తాత చేను అమ్మిండంట."

"ఏ తాత?"

"ముత్తంగి తాతనే. సర్కారు వచ్చి బాయి గుంజుకుంటది, పైస ఇయ్యది అని భయపెట్టిన్రు. ఇగ దొరికిన కాడికి అమ్ముకున్నడు. మీ సేటే కొన్నడు గద. మీకెర్క లేదా?"

నా చేతిలో గ్లాసు కింద పెట్టాను.

సేటును చూసి మరికొందరు కొన్నారు. దారి పొడుగునా చేలు చేతులు మారాయి, మారిన ప్రతిసారీ ధర పెరిగింది. మూడో అంచనా రాసేటప్పుడు ఇనుము, రాగి, సిమెంటు పట్టికలో కిందికి పోయి, భూమి అన్నిటికంటే పైకి వచ్చింది. నగరం నుంచి పెద్ద అధికారి జీపులో వచ్చాడు. గోదాము మధ్యలో నిలబడి, దారి సంగతి బయటికి ఎలా పొక్కిందని అడిగాడు.

"ఈ ఊళ్లవాళ్లెవరు మీలో?" అన్నాడు.

అందరి చూపూ చైన్‌మన్ మీదికి పోయింది. అతను ఒక్కమాట అనలేదు. నేను బల్ల ముందు కూర్చుని ఉన్నాను, చేతిలో ఇంకు కలం ఉంది. లేవాలనుకున్నాను. ఉద్యోగం పోతే నాకు మిగిలే అన్నయ్య ఇంటి వంటగది మూల గుర్తొచ్చింది. లేవలేదు. ఆ మధ్యాహ్నమే అతన్ని పనిలోంచి తీసేశారు. తువాలు దులిపి భుజాన వేసుకుని, నా బల్ల పక్కనుంచే నడిచి వెళ్లాడు.

నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఐదో రోజు ఇంజనీరుగారి ముందు నిలబడి, చెప్పింది నేనేనన్నాను.

ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "ఎవరికి?"

"నేను కిరాయికుండే ఇంటి సేటు భార్యకు."

"ఎందుకు చెప్పావమ్మా? డబ్బిచ్చారా?"

"లేదండి. జ్వరమొస్తే మూడు రోజులు చూసుకున్నారు. తలకు నూనె పెట్టారు."

ఆయన బల్ల మీది అంచనా కాగితాలు మూసి పక్కకు జరిపారు. తర్వాత, "అతన్ని వెనక్కి రమ్మని కబురు చేస్తాను. నీ సంగతి పైకి రాయను. రాసి ప్రయోజనం లేదు" అన్నారు. మళ్లీ ఏదో ఊరడింపు మాట చెప్పాలనుకున్నారేమో, "నువ్వు చెప్పకపోయినా భూమి ఎప్పుడో ఒకప్పుడు పెరిగేదే. ఇనుము నువ్వు చెబితే పెరగలేదు కదా" అన్నారు. "కాకపోతే ఆ ముసలాయన మాత్రం అమ్ముకునేవాడు కాదు" అని కళ్లజోడు పెట్టుకున్నారు.

చైన్‌మన్ కబురుకు రాలేదు. గడ్డపోతారంలో చెల్లెలి ఇంట్లో ఉన్నాడని తెలిసి ఆ ఆదివారం నేనే వెళ్లాను. కొంతదూరం బస్సు, మిగతాది నడక. ఏదో కట్టడం దగ్గర రాళ్లు మోస్తున్నాడు. నన్ను చూసి తట్ట దించాడు.

"అన్నా, సేటు వాళ్లకు చెప్పింది నేను."

"నాకెర్కనే" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"సేటు ఇంట్ల కిరాయికున్నది మీరే గద."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

అతను చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు. "నాకు చెల్లె ఇల్లున్నది, ఊరున్నది. మీరు ఒక్కలే ఉంటిరి. నౌకరి పోతే యాడికి పోతరు అనుకున్న. గంతే."

"ఇంజనీరుగారు నిన్ను రమ్మంటున్నారు. నేను నిజం చెప్పేశాను."

"రాను. అందరి ముందట దొంగ లెక్క నిలబెట్టిన్రు. మళ్ల ఆ గొలుసు పట్టబుద్ధి అయితలేదు." తట్ట ఎత్తుకోబోతూ ఆగాడు. "నాకు చెప్పుడు ఎందుకమ్మా, నాకెర్కున్నదే. పోయి తాతకు చెప్పున్రి."

వెళ్లాను. మర్నాడు సెలవు పెట్టి ముత్తంగి వెళ్లాను. ముసలాయన ఆ చేలోనే ఉన్నాడు. సేటు చుట్టూ కంచె వేయించి, అతన్నే కాపలా పెట్టాడు. నన్ను గుర్తుపట్టి బావి గట్టు మీద కూర్చోమని, తనూ పక్కన కూర్చున్నాడు.

"బండి ఎప్పుడొస్తది బిడ్డా?"

"తాతా, బావి మీదుగా పోదు. పట్టాలు అదుగో, ఆ రాయి దగ్గరే ఆగిపోతాయి. ఆ రోజు నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు."

అతను నేను చూపించిన రాయి వైపు చూశాడు. లేచి బావి దగ్గర్నుంచి ఆ రాయి దాకా అడుగులు వేసుకుంటూ నడిచాడు. తిరిగొచ్చి మళ్లీ అదే చోట కూర్చున్నాడు.

"బాయి పోదా?"

"పోదు."

"గా మాట ఆ దినమే చెప్తే బాగుండు గద బిడ్డా."

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే ఏదో ఒకటి చెప్పుకుని ఏడ్చేదాన్ని. అతను ఆ ఒక్కమాట అని, మేకలు కంచెలో దూరుతుంటే అదిలించడానికి లేచి వెళ్లాడు. నేను బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాను.

ఆ నెలాఖరుకు సేటు ఇల్లు ఖాళీ చేశాను. పెట్టె సర్దుకుంటుంటే సేటు భార్య గుమ్మంలో నిలబడింది.

"నేనేం జేసిన బిడ్డా? ఆయన అడగమన్నడు, అడిగిన. నువ్వు చెప్పినవు."

"ఏం చేయలేదు పిన్నిగారూ."

"జ్వరమొచ్చిన నాడు ఆయన చెప్తే రాలే నేను. గప్పుడు నాయంత నేనే వచ్చిన."

అది నిజమని నాకు తెలుసు. ఆవిడ మీద కోపం కూడా పూర్తిగా రాలేదు, అదే నాకు కష్టమైంది. సంగారెడ్డిలో ఒక టైలరు దుకాణం మీది గదికి మారాను. పొద్దునా సాయంత్రం బస్సులో తిరిగేదాన్ని. అక్కడ నాతో ఎవరూ మాట్లాడలేదు, నేనూ ఎవరితో మాట్లాడలేదు. ఈసారి ఉప్పు ప్యాకెట్టు కోసం కూడా వెళ్లలేదు.

నాలుగో అంచనా నగరానికి వెళ్లాక ముత్తంగి దాకా వద్దు, పటాన్‌చెరుతో ఆపమని ఉత్తర్వు వచ్చింది. నీలం గుడ్డ మీద ఆరిన ఇంకు రబ్బరుతో పోదు. బ్లేడుతో గీకాలి, గుడ్డ చిరగకుండా. ముత్తంగి ముక్కను నేనే గీకాను. ఆరు నెలలకు పటాన్‌చెరు కూడా వద్దన్నారు. నగరం లోపలే నాలుగు మైళ్లు చాలన్నారు. దానికీ లెక్క వేస్తే, మొదట మొత్తం దారికి ఎంత అనుకున్నారో ఇప్పుడు ఆ ముక్కకే అంత తేలింది. ఇంజనీరుగారు ఆ కాగితం చూసి చిన్నగా నవ్వారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. పటాలు చుట్టి, గోనెసంచుల్లో కుట్టి నగరానికి పంపించి గోదాము తాళాలు యజమానికి ఇచ్చేశాం.

రైలు రాదని తెలిశాక భూమి కొన్నవాళ్లు కొన్నాళ్లు మొత్తుకున్నారు. సేటు ముత్తంగి చేనును లారీల షెడ్డు పెట్టుకునేవాళ్లకు ఇచ్చేశాడు. వాళ్లు బండ్లు తిప్పుకోవడానికి బావి పూడ్చారని ఎవరో చెప్పారు. ముసలాయన అప్పటికే కూతురి ఊరికి వెళ్లిపోయాడట. ఆ ఊరేదో తెలియలేదు.

నన్ను నగరంలో రోడ్ల విభాగానికి వేశారు. ఉద్యోగినుల హాస్టల్లో ఇద్దరుండే గది ఇచ్చారు. మొదటి ఆదివారం పొద్దున, నాతో ఉన్న టెలిఫోను ఆపరేటరు తల దువ్వుకుంటూ స్నేహంగా అడిగింది.

"మీ ఆఫీసులో ఏం పని చేస్తారండీ?"

"బొమ్మలు గీస్తాను" అన్నాను.

"ఏం బొమ్మలు?"

"ఏవో, రోడ్లవి."

ఆమె ఇంకా ఏదో అడగబోయి నా ముఖం చూసి మానేసింది. కాసేపటికి కింద నీళ్లొచ్చాయని ఎవరో కేకేశారు. ఇద్దరం బకెట్లు తీసుకుని మెట్లు దిగాం.