సరుగుడు తోటలో పారాణి

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను నవ్వేదాన్ని. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేశాను. శవాల గది పక్క వరండాలో కూర్చుని అన్నం తిన్న రోజులున్నాయి. అలాంటివి నిజంగా ఉంటే ముందు మాకే కనపడాలి కదా అని తోటి నర్సులతో వాదించేదాన్ని. ఇప్పుడు వాదించడం మానేశాను. నమ్ముతున్నానని కాదు. మా చెల్లి సుజాత పెళ్లికి ముందు జరిగినదానికి నా దగ్గర జవాబు లేదు, అంతే.

రెండువేలు దాటిన కొత్తలో సంగతి. సుజాతకి మా మేనమామ కొడుకు రమేష్‌తో పెళ్లి కుదిరింది. రమేష్‌కి విశాఖలో ఉద్యోగం. అక్కడెవరిదో పెళ్లి తోటలో చేస్తే చూసొచ్చాడు. ఇక కల్యాణ మండపం వద్దన్నాడు. ఉద్దానంలో సముద్రం పక్క తోటలో పందిరి వేసి చేసుకుందాం, ఫోటోలు కూడా ముందే మంచి చోట్ల తీయించుకుందాం అని పట్టుబట్టాడు.

మా వైపు అప్పటికి అలాంటివి ఎవరూ ఎరగరు. మా అత్త, అంటే రమేష్ వాళ్లమ్మ, "పెళ్లవకుండా పక్కపక్కన నిలబడి ఫోటోలేట్రా? నలుగురూ ఏటనుకుంతారు?" అంది. నేను తోడు వెళ్తానంటే మెత్తబడింది.

టెక్కలిలో ఒక జీపు మాట్లాడుకుని పొద్దున్నే బయల్దేరాం. నేను, సుజాత, రమేష్, పలాసలో స్టూడియో నడిపే అప్పారావు గారు. ముందు రావివలస గుడి దగ్గర చూశాం. చోటు బాగుంది గాని జనం ఎక్కువ. తర్వాత నౌపడ ఉప్పు మడులకి వెళ్లాం. తెల్లటి కుప్పలు, మడి నీళ్లలో ఆకాశం. అప్పారావు గారికి తెగ నచ్చేసింది. సుజాత మాత్రం మొహం ముడిచింది.

"ఉప్పు కుప్పల కాడ పెళ్లి ఫోటోలేటి బావా? నన్నేటి ఊరగాయ ఎట్టేత్తావేటి?" అంది. జీపు డ్రైవరు కూడా నవ్వాడు.

చివరికి రమేష్ స్నేహితుడి తోటకి వెళ్లాం. ఆ ఊరి పేరు రాయను. అక్కడి వాళ్లకి లేనిపోని చెడ్డపేరు ఎందుకు? రోడ్డు వైపు జీడిచెట్లు, పూత మీదున్నాయి. ఆ వాసన జీపు దిగగానే ముక్కుకి తగిలింది. లోపల కొబ్బరిచెట్లు, వాటి మధ్య చదునుగా పెద్ద జాగా. పందిరి ఎటు, వంటలెటు అని రమేష్ అడుగులేసి కొలుచుకున్నాడు. సుజాత కూడా ఇదే బాగుందంది. తోట చూపించిన కాపలా ఆయన భోజనానికి ఊళ్లోకి వెళ్లిపోయాడు.

తోట చివర సరుగుడు చెట్లు, వాటి అవతల ఇసక, సముద్రం. ఒడ్డున ఒక పాత నావ ఉంది. సుజాతని దాని అంచు మీద కూర్చోబెట్టి, చెప్పులు తీయించి, కాళ్లు వేలాడేసినట్టు అప్పారావు గారు ఫోటో తీశారు. ఆ ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పాదాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఒట్టి పాదాలు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

అంతలో రీలు అయిపోయింది. ఎండ తగలకుండా మార్చాలని అప్పారావు గారు నావ చాటున కూర్చున్నారు. నేను గొడుగు పట్టుకున్నాను. రమేష్ తువ్వాలు అడ్డం పెట్టాడు. ఇసక కాలుతోందని సుజాత ఒక్కతే సరుగుడు నీడలోకి వెళ్లింది. మిట్టమధ్యాహ్నం, చుట్టుపక్కల ఎవరూ లేరు. భయపడాల్సిన చోటు కాదు, భయపడాల్సిన వేళా కాదు.

రీలు వేసి, కెమెరా మూత పెట్టి, తలెత్తేసరికి సుజాత వస్తోంది. నడక తేడాగా ఉంది. తల వంచుకుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, పీటల మీదకి తీసుకొస్తున్న పెళ్లికూతురిలా ఒక్కో అడుగూ వేస్తోంది. ఆటపట్టిస్తోందనుకున్నాను. దగ్గరికొచ్చాక పాదాలు చూశాను.

రెండు పాదాలకీ పారాణి. మడమ చుట్టూ గీత, వేలు వేలుకీ చుక్క, పాదం మీద ఏదో ముగ్గులాంటిది. ఇంకా తడి ఆరలేదు. ఇసక అంటుకుంటోంది.

"ఎవులు పెట్టేరే ఇది?" అన్నాను.

"అదేటక్కా అలగ అడుగుతావు? అత్త పంపిన ఆవిడే గదా," అంది. నేనే ఏదో మర్చిపోయినట్టు చూసింది.

అత్త ఎవర్నీ పంపలేదు. అత్త ఆ సమయానికి టెక్కలిలో ఉంది. మేం ఈ తోటకి వస్తామని ఆవిడకి తెలీనే తెలీదు.

రమేష్ సరుగుడు తోటలోకి పరిగెత్తాడు. వెనకాలే నేను. ఆ చెట్లు వరసలుగా నాటినవి. ఒక వరస మొదట్లో నిలబడితే చివరిదాకా కనిపిస్తుంది, మనిషి దాక్కునే చోటు లేదు. ఇసక మీద సుజాత వెళ్లిన అడుగులు, తిరిగొచ్చిన అడుగులు తప్ప వేరేవి లేవు. రాలిన ఆకుల మీద తను కూర్చున్న గుర్తు ఉంది. ఎదుట ఇంకొకరు కూర్చున్న గుర్తు లేదు. ఎర్ర చుక్క ఒక్కటి కూడా కింద పడలేదు.

సరుగుడు తోటలో గాలి ఎప్పుడూ హోరుమంటుంది. అప్పుడు ఆ హోరు లేదు. ముహూర్తం దగ్గరపడి మేళం ఆగినప్పుడు జనమంతా ఊపిరి బిగబట్టి చూస్తారే, అలాంటి నిశ్శబ్దం. ఎదురుగా ఎవరూ లేరు. అయినా ఎంతోమంది మధ్యలోకి మేం అడ్డంగా వచ్చి నిలబడ్డట్టు అనిపించింది. రమేష్ నా మొహం చూసి, "ఎల్లిపోదాం రా వదినా," అన్నాడు. అప్పటిదాకా వాడు నన్ను వదినా అని పిలిచి ఎరగడు. పేరు పెట్టే పిలిచేవాడు.

ఇంటికొచ్చి స్పిరిట్‌తో తుడిచాను. నిమ్మకాయ, కొబ్బరినూనె, సబ్బు అన్నీ అయ్యాయి. రంగు కొంచెం కూడా వెలవలేదు. చర్మం మీద పొక్కు లేదు, మంట లేదు. రంగు పడితే ఎలా ఉంటుందో, కందితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది ఆ రెంటిలో ఏదీ కాదు.

మర్నాడు అత్త వచ్చి చూసి గుమ్మంలోనే కూలబడింది.

"ఓలమ్మా, ఎవులో పెళ్లికూతుర్ని సేసీసినారు. ఇప్పుడు మనం ఎవులి పిల్లని తెచ్చుకుంతన్నాం?" అని ఏడ్చింది. సంబంధం వదులుకుందామని కూడా అంది. మా అమ్మ గోడకి జారబడింది.

రమేష్ ఒక్కటే అన్నాడు. "ఎవులు సేసినా సెయ్యనీ అమ్మా. పీటల మీద పక్కన కూకునేది నేనే."

పెళ్లి టెక్కలిలోనే, మామూలు కల్యాణ మండపంలో చేశాం. ఆ రోజుదాకా సుజాతని రాత్రీ పగలూ ఎవరో ఒకరం కనిపెట్టుకునే ఉన్నాం. నలుగు పెట్టి మంగళస్నానం చేయిస్తుంటే, అమ్మ పోసిన మొదటి చెంబుకే ఆ ఎరుపంతా కారిపోయింది. తూము దాకా ఎర్రగా పారింది. అమ్మ చేతిలో చెంబు కింద పడిపోయింది.

తర్వాత రమేష్ ఆ ఊరు వెళ్లి వాకబు చేశాడు. అక్కడ ఏ పెళ్లికూతురైనా చనిపోయిందా, సముద్రంలో ఎవరైనా కొట్టుకుపోయారా, తోట గురించి ఏమైనా చెప్పుకుంటారా అని. కాపలా ఆయనా, సముద్రం మీదకెళ్లే పెద్దలూ అందరూ అలాంటిదేం లేదన్నారు. వాళ్ల ఆడపిల్లలు రోజూ ఆ తోటలోకే పుల్లలకి వెళ్తారట. ఏదో ఒక కథ ఎవరైనా చెప్పుంటే నాకు కొంచెం నిమ్మళంగా ఉండేదేమో.

సుజాతకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. బాగానే ఉన్నారు. ఆ సంగతి ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్లం కాదు. చాలా ఏళ్ల తర్వాత ఒకరోజు చిక్కుడుకాయలు ఒలుస్తూ తనే మొదలుపెట్టింది.

"అప్పుడు నాకు భయమెయ్యలేదక్కా. ఆవిడ సేతులు సల్లగా, హాయిగా ఉన్నాయి. పెట్టడం అయిపోనాక, 'లే అమ్మా, అందరూ నీకోసమే సూత్తన్నారు' అని సెయ్యట్టుకుని లేపింది. ఆవిడెనకే తోట లోపలికి నడిసేను. అప్పుడే నువ్వు పిలిసేవు. సుజాతా, సుజాతా అని గట్టిగా, కోపంగా. నీ గొంతుకి అదిరిపోయి ఎనక్కి తిరిగీసేను. నేకపోతే ఎల్లిపోదును."

నేను తలొంచుకుని కాయలు ఒలుస్తూనే ఉన్నాను.

ఆ రోజు నేను పిలవలేదు. గొడుగు పట్టుకుని అప్పారావు గారి చేతులకేసి చూస్తూ నిలబడ్డాను. తర్వాత ఆయన్నీ అడిగాను, రమేష్‌నీ అడిగాను. నేను నోరు విప్పలేదనే ఇద్దరూ చెప్పారు.

సుజాతకి ఈ మాట ఇంతవరకూ చెప్పలేదు. ఆ పారాణి పెట్టింది ఎవరో నాకు తెలీదు. నా గొంతుతో పిలిచింది ఎవరో అసలే తెలీదు.