చెరకు మడిలో చుట్లబాట

మా పడుచుతనంలో నిజామాబాద్ బట్టల బజారులో మనశ్శాంతి అనే సరుకుకు గిరాకీ ఉండేది కాదు. ఎవరికైనా మనసు బాగోలేకపోతే గల్లాపెట్టె ముందు కూర్చుని ఒక చాయ్ తాగేవాళ్ళు. అప్పటికీ బాగుపడకపోతే పక్క దుకాణం ఖాళీగా ఉందేమోనని తొంగి చూసేవాళ్ళు. ఉంటే వెంటనే కుదుటపడేది. నేను ఆ మనుషుల మధ్యనే పెరిగాను. మీసాల కన్నా ముందు నాకు బేరం వచ్చింది. రిక్షా వాడి దగ్గర, కూరగాయల అవ్వ దగ్గర, చివరికి గుళ్ళో పూజారి దగ్గర కూడా బేరమాడాను (గోత్రం వదిలేసి పేరొక్కటే చదివితే ఏమన్నా తగ్గిస్తారా అని అడిగి దెబ్బ తిన్నాను, పూజారి చేతిలో కాదు, నన్ను కన్న బాపు చేతిలో). రెండు పక్షాలను కూర్చోబెట్టి ఒక మాట మీదికి తేవడంలో నన్ను మించినవాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం నాకు తప్ప బజారులో ఇంకెవరికీ లేదు.

అలాంటి నాకు ఇంట్లోనే పని పడింది. బాపు, ఆయన అన్న పెద్దబాపు వేరుపడి, ఒకే దుకాణాన్ని రెండు చేసుకున్నారు. సరుకు పంపకంలో తగవు రాలేదు, బాకీల దగ్గర రాలేదు, మధ్యలో కట్టిన గోడ దగ్గర వచ్చింది. గోడ మందమంతా తన జాగాలోంచే పోయిందని బాపు. సున్నం, ఇటుక తానే తెచ్చానని పెద్దబాపు. అంతే, మాటలు బందైపోయాయి. ఊరికి ఇంతకన్నా మంచి కబురేముంటుంది? గిరాకీలు బాపు దగ్గర చీర ధర అడిగి, పెద్దబాపు దుకాణం ఎక్కి, "పక్కన తక్కువకే ఇస్తుండు" అనేవాళ్ళు. ఆయన ఇంకాస్త తగ్గించేవాడు. వాళ్ళు మళ్ళీ ఇటు వచ్చేవాళ్ళు. తెచ్చిన ధర కన్నా కిందికి దిగి అమ్ముకునే దశకు వచ్చారు ఇద్దరూ. ఇలాగే నడిస్తే రెండు దుకాణాలకూ తాళం పడుతుందని ముందున్న చాయ్ బండివాడికి కూడా తెలుసు. పిలిచి మాట్లాడమంటే బాపు, "నేనెందుకు పిల్వాలె? పెద్దోడు, ఆయన్నే పిల్వమను" అనేవాడు. పెద్దబాపును అడిగితే, "చిన్నోనికి తెలివుండాలె గద" అనేవాడు. ఈ ఇద్దరికీ ఉమ్మడిగా మిగిలింది చక్కెర జబ్బు ఒక్కటే.

మాకు ఒక పాత గిరాకీ ఉండేవాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి బోధన్ దగ్గర కాలువ కింద చెరకు పండించే రైతు. బజారులో అందరూ కాలువ పటేల్ అనేవాళ్ళు. నడుం నొప్పికి ఎక్కడో ప్రకృతి వైద్యం చేయించుకుని, అక్కడ చూసిన వింతను తన పొలంలో కూడా వేశాడు. చెరకు కొట్టేసిన మడిని చదును చేసి, సున్నం పూసిన ఇటుకలను నేలలో వరసగా పాతి, చుట్టలు చుట్టలుగా ఒక బాట. లోపలికి ఒకటే దారి. తప్పిపోయేది లేదు, తలుపులు లేవు. మౌనంగా, నెమ్మదిగా నడుచుకుంటూ పోతే చివరికి నడుమన ఉన్న బండ దగ్గరికి చేరతాం. ఆ వేళకు మనసు తేటపడుతుందట, చక్కెరకూ మంచిదట. నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. బజారు సెలవు రోజున ఇద్దరినీ పిలవండి, కానీ ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకండి అని పటేల్‌తో ఒప్పందం చేసుకున్నాను. నడిచి నడిచి మెత్తబడ్డాక నేను అందుకుని మాట్లాడతాను. ఏం మాట్లాడాలో బోధన్ బస్సులో దారి పొడుగునా లోలోపల వల్లించుకున్నాను. పక్కన బాపు కునుకు తీస్తున్నాడు.

మేం పోయేసరికి పెద్దబాపు ధోవతి ఎగ్గట్టి చుట్లలో తిరుగుతున్నాడు. బాపు చూశాడు, గిర్రున వెనక్కి మళ్ళాడు. పటేల్ అడ్డం పడ్డాడు.

"ఏంటి సేటుగారూ, వచ్చి వెళ్ళిపోతారా? మీ అన్నగారు చక్కగా తిరుగుతున్నారు కదండీ."

బాపు ఆగాడు. "ఎంత తీసుకుంటున్నవ్ పటేలా, ఒక్క తిరుగుడుకు?"

"భలేవారే. ఉత్తినేనండి."

"ఉత్తదా?" బాపు నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఉత్తగ ఎవడిస్తడుర? ఏదో ఉంటది దీంట్ల." అన్నకు ఉచితంగా దొరికేది తనకు దొరకకుండా పోవడం బాపు సహించగలిగే నష్టం కాదు. చెప్పులు విడిచాడు. అయినా బేరం వదల్లేదు. "గా బండ ఈడ్నే కనవడవట్టె. గింత తిరుగుడేంది? సీదా పోతే అయిపాయె గద."

"సీదాగా వెళ్తే మనసు కుదుటపడదండి."

బాపు తల ఊపాడు. "నిజమే. సీదా ధర చెప్తే గిరాకికి గూడ మనసు కుదుటవడది."

ఇద్దరూ తిరగసాగారు. ఆ బాట గుణం విచిత్రమైనది. బండకు చేరువగా తీసుకుపోయి, ఇక చేరామనుకునేలోపు మళ్ళీ అంచుకు తోసేస్తుంది. పక్క పక్క చుట్లలో ఇద్దరూ ఎదురుపడేవాళ్ళు. మధ్యన ఒక ఇటుక వరస మాత్రమే. పెద్దబాపు ఆకాశం చూసేవాడు, బాపు నేల చూసేవాడు, బాట ఇద్దరినీ చెరో దిక్కుకు లాక్కుపోయేది. గట్టు మీద నేను నా మొదటి మాట మళ్ళీ వల్లించుకున్నాను. ఇంకోసారి ఎదురుపడ్డారు. ఈసారి పెద్దబాపు నడక తగ్గింది. ఏదో అనబోయినట్టు నోరు తెరిచాడు. బాపు కూడా తల ఎత్తాడు. సరిగ్గా అక్కడే బాట మలుపు తిరిగింది. పెద్దబాపు నోరు మూసుకుని వీపు తిప్పి నడిచాడు.

ఇన్నేళ్ళ దుకాణంలో బాపు నాలుకకు ఒక అలవాటు పట్టింది. సరుకు చూడవచ్చిన గిరాకీ వీపు తిప్పితే చాలు, మెదడును అడగకుండానే అది పలికేస్తుంది. పలికింది.

"ఓ అన్నా, ఆగు. గట్లెట్ల పోతవ్? నీ మనసుల ఎంతున్నదో చెప్పరాదు."

అనేశాక బాపు ముఖం చూడాల్సింది. సొంత నోరే జేబు కొట్టేసినట్టు నిలబడిపోయాడు. పెద్దబాపు మాత్రం ఏం తక్కువ? ఆయనదీ అదే బజారు. వెనక్కి తిరక్కుండానే, మెట్లు దిగే గిరాకీ లాగే జవాబిచ్చాడు.

"ముందుగాల నీ ఆఖరు మాట చెప్పు, తమ్మీ."

"ఆఖరు మాట ఏముంటదే... గోడ సగం నాదిక్కు, సగం నీదిక్కు అనుకుందం."

"మరి సున్నం?"

"సున్నం సంగతి మల్ల సూద్దం. గా మూలకు పోకు, ఇనవడ్తలేదు."

"నేనేడ పోతున్న? బాట పోతుంది."

"మౌనం అండీ, మౌనం పాటించాలి" అని పటేల్ బతిమాలుతున్నాడు. ఎవరు వింటారు? బాట దూరం చేసినప్పుడు అరుచుకుంటూ, దగ్గర చేసినప్పుడు గొణుక్కుంటూ బేరం సాగింది. పెద్దబాపు ముందు బండ చేరి కూర్చున్నాడు, కొంచెం జరిగి చోటు ఉంచాడు. బాపు పోయి ఆ చోట్లో కూర్చున్నాడు. ఇక మాటలు వినబడలేదు.

నా సమయం వచ్చిందనుకున్నాను. ఇటుకల మీంచి దూకి పోబోతే పటేల్ రెక్క పట్టుకున్నాడు. "అబ్బే, దారిన వెళ్ళాలి బాబూ." చేసేది లేక చుట్లలో పడ్డాను. నోట్లో ఉపన్యాసం వల్లిస్తూ, తొందరలో నా కాలు నేనే తొక్కుకుంటూ, సగం దూరం పోయేసరికి ఇద్దరూ ఎదురొచ్చారు.

"ఎటు పోతున్నవ్ర?" అన్నాడు పెద్దబాపు.

"మీకాడికే. మాట్లాడుదమని."

"మేం ఒడగొట్టుకున్నం, బేరం తెగింది. పో, తిరుగు. మంచిదట."

నన్ను పక్కకు జరిపి ఇద్దరూ ఏదో వాదించుకుంటూ వెళ్ళిపోయారు. (తర్వాత ఆ గోడకు ఒక చిన్న కిటికీ పెట్టించారు. గిరాకీ ధర అడగ్గానే అందులోంచి, "అన్నా, నువ్వెంత చెప్పినవే?" అని వినబడేది. సున్నం సంగతి మాత్రం వాళ్ళు బతికున్నన్నాళ్ళూ తేలలేదు. తేలాలని ఇద్దరికీ ఉన్నట్టు కూడా నాకు తోచలేదు.)

నేను బండ దాకా పోయాను. చుట్టూ కోసిన చెరకు వాసన, కాలువ నీళ్ళ చప్పుడు. రాజీ కుదర్చడానికి అక్కడ ఎవరూ లేరు. అంత కష్టపడి వల్లించిన మాటలన్నీ వెంట మోసుకొచ్చిన మధ్యవర్తిని, ఒక్కడినే. చిన్నబోయి, బస్సు వెళ్ళిపోతుందన్న తొందరలో ఇటుకలు దాటుకుంటూ వాళ్ళ వెనక పరుగెత్తాను. మరుసటేడు ఆ మడిలో పటేల్ మళ్ళీ చెరకే వేశాడు. ఇప్పుడు నాకూ చక్కెర వచ్చింది, డాక్టరు నన్నూ నడవమన్నాడు; పొద్దున్నే వాకిట్లో గుండ్రంగా తిరుగుతుంటే ఆ పరుగెత్తే పిల్లగాడు కళ్ళ ముందు మెదులుతాడు. అరే, బస్సుకు ఇంకా టైముందిరా, ఆ బండ మీద కాసేపు కూర్చోరాదా అనాలనిపిస్తుంది. వాడు కూర్చోడు. వాళ్ళిద్దరూ తను లేకుండా ఏం మాట్లాడుకుంటున్నారో వాడికి వినాలని ఉంది.