ఫోన్ పిచ్చిదాన్నంట

ఇంటర్ రెండో ఏడాదిలో నాకు తలనొప్పి వస్తే ఫోన్ వల్ల. కళ్ల నీళ్లు కారితే ఫోన్ వల్ల. ఆకలి లేకపోయినా, జుట్టు రాలినా, ఆఖరికి కాలు బెణికినా ఫోన్ వల్లే. పూతలపట్టు కూడలిలో మాది టిఫిన్ అంగడి. ఇడ్లీకి వచ్చిన ప్రతి మనిషికీ నాయన చట్నీతో పాటు నా సంగతి కూడా వడ్డించేవాడు: బిడ్డకు ఫోన్ పిచ్చి పట్టిందని, మొహానికి ఆనించుకొని చూస్తోందని. వాళ్లు అయ్యో అంటూ నన్ను ఎగాదిగా చూసేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆనించుకొని చూసే మాట నిజమే. నేను కాదనలేదు. అయితే ఏడో తరగతిలో పుస్తకాన్ని కూడా ముక్కుకు ఆనించుకొనే చదివేదాన్ని. అప్పుడు ఇదే నాయన, ఇదే అంగడిలో, నా బిడ్డ పుస్తకంలోంచి తల ఎత్తదని మురిసిపోయాడు. పుస్తకమైతే శ్రద్ధ, ఫోనైతే పిచ్చి. ఇదెక్కడి న్యాయం? కళ్ల డాక్టరుకు చూపించమంటే, ముందు ఫోన్ మానెయ్, అదే తగ్గుతుంది అన్నారు అమ్మా నాయనా ఇద్దరూ. అమ్మ నా నుదుటికి శొంఠి పట్టు వేసింది. ఇంజనీరింగ్ ఎంట్రెన్స్‌కు పది రోజుల ముందు నాయన ఫోన్‌ను బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. నేను ఏడవలేదు, బతిమాలలేదు. సరే పెట్టుకో, తలనొప్పి పోకపోతే అప్పుడు మాట్లాడదాం అన్నాను.

పోలేదు.

పరీక్ష తిరుపతిలో. చిత్తూరు నుంచి వచ్చే బస్సులు మా దగ్గర చీలి కొన్ని తిరుపతికి, కొన్ని పీలేరుకు పోతాయి. బస్సు బోర్డు నాకు ఎన్నడూ కనిపించేది కాదు. పక్కన ఎవరినైనా అడిగి ఎక్కేదాన్ని. అందరూ అట్లే ఎక్కుతారనుకున్నాను. ఆ పొద్దున పక్కన ఎవరూ లేరు. బస్సు ఆగింది, ఎక్కేశాను. తిరుపతికి టికెట్ అడిగితే కండక్టరు, ఇది పీలేరు బస్సు కదమ్మా అన్నాడు. దిగి, ఎదురు బస్సులో కూడలికి తిరిగొచ్చి, తిరుపతి చేరేసరికి పరీక్ష గేటు మూసేశారు. హాల్ టికెట్ పట్టుకొని రోడ్డు మీదే ఏడ్చాను.

ఇంటికొస్తే అంగడి నిండా జనం. నాయన పెనం దగ్గరి నుంచే అందుకున్నాడు.

"ఫోన్ చూసుకుంటా ఎక్కేసినావా బస్సు?"

"ఫోన్ నీ బీరువాలో ఉండాది నాయనా" అన్నాను.

నాయన గరిటె పక్కన పెట్టి, నన్ను రోడ్డు మీదికి తీసుకొచ్చి, అవతల ఆగిన బస్సు బోర్డు చదవమన్నాడు. బస్సు ఎర్రగా ఉందని చెప్పాను. ఎదురుగా ఎరువుల అంగడి బోర్డు చదవమన్నాడు. అక్కడ బోర్డు ఉందా అని అడిగాను. నాయన పొయ్యి ఆర్పేసి, చిత్తూరుకు పదమన్నాడు.

చిత్తూరులో డాక్టరమ్మ, చూపు చిన్నప్పటి నుంచే తగ్గుతూ వచ్చిందని, కనపడకే పిల్ల అన్నింటినీ దగ్గరికి లాక్కుందని చెప్పింది. గంటల తరబడి ఫోన్ కూడా మంచిది కాదని నాకూ నాలుగు చీవాట్లు పెట్టింది. అవి మాత్రం నోరు మూసుకొని తిన్నాను.

ఇంటికొచ్చాక నాయన బీరువా తీసి ఫోన్ నా చేతిలో పెట్టబోయాడు.

"నాకొద్దు. అంగట్లో అందరికీ చెప్పినావు కదా, ఆ మాట అందరి ముందరా ఎనక్కి తీసుకో."

నాయన్ను అంత మాట అంటావా అని అమ్మ కసిరింది. నేను తగ్గలేదు. నాయన ఫోన్‌ను మంచం మీద పెట్టి అంగట్లోకి వెళ్లిపోయాడు.

వారానికి కళ్లద్దాలు వచ్చాయి. అవి పెట్టుకొని అంగడి మెట్టు మీద కూర్చొని, వచ్చే బస్సుల బోర్డులన్నీ చదువుతున్నాను. రోజూ వచ్చే పాల వ్యాన్ డ్రైవరు ఇడ్లీ తింటూ, బిడ్డకు ఫోన్ పిచ్చి తగ్గిందా అని అడిగాడు. నాయన చట్నీ గిన్నె కింద పెట్టాడు. అంగడంతా వినపడేట్టు చెప్పాడు.

"పిచ్చి మాదప్పా. బిడ్డకు కండ్లు కనపడకుంటే, మేం ఫోన్ దాచిపెట్టినాం."