రామనర్సయ్య పరీక్ష పెట్టిన చెవులు

రామనర్సయ్య ముప్పై ఏళ్లు రోడ్డు కంకర కొట్టే క్రషర్ల దగ్గర పనిచేశాడు. సొంతూరు సరిహద్దు అవతల, తెలంగాణలోని చర్ల దగ్గర. కుర్రతనంలోనే ఇటువైపు వచ్చి, చివరికి ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో స్థిరపడ్డాడు. తెలుగు, హిందీ, హల్బీ, గోండి నాలుగూ మాట్లాడతాడు. ఎవరు మాట్లాడినా కళ్లు వాళ్ల మొహం మీద నుంచి తిప్పడు. ఇంత శ్రద్ధగా వినే మనిషి ఉండడని తల్లులకు ఆయనంటే గురి. నేనూ ఒక తల్లిని, అలాగే అనుకున్నాను.

క్రషర్ పని మానేశాక, ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే చిన్న దవాఖానాలో పిల్లల వినికిడి పరీక్ష చేసే పని దొరికింది. నెలకోసారి వచ్చే డాక్టరు ఒక పూట కూర్చుని నేర్పించాడు. పాత లాప్‌టాప్, అందులో లినక్స్, తీగ ఉన్న హెడ్‌ఫోన్స్. అవి పిల్ల తలకు పెట్టి ఒక్కో చెవిలో సన్నటి కూత వినిపించాలి. వినబడితే పిల్ల చెయ్యెత్తాలి. క్రషర్ హోరులో మాట పనిచేయదు, అన్నీ చేతి సైగలే. ఆ సైగలతోనే పిల్లలను ఆడించేవాడు. తల్లులు ఎదురుగా ఉంటే పిల్లలు వాళ్ల మొహం చూసి చెయ్యెత్తుతారని మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టేవాడు.

ఒక పిల్ల కుర్చీ దిగి ఇంకో పిల్ల ఎక్కేలోపు లాప్‌టాప్ మూత మూసేసేవాడు.

"మిషన్ని ఉత్తగ నడపొద్దు బిడ్డా. క్రషర్ కాడ అట్ల నడిపితే సేటు తిట్లు తినాలె" అనేవాడు.

మా అమ్మాయి దీపకు నాలుగేళ్లప్పుడు గవదబిళ్లలు వచ్చాయి. తగ్గిన వారం నుంచి ఎడమ పక్క నిలబడి పిలిస్తే పలకడం లేదు. గమనించిన మర్నాడే దవాఖానాకు తీసుకెళ్లాను. రామనర్సయ్య పరీక్ష చేసి, రెండు చెవులూ బాగున్నాయని కాగితం రాసిచ్చాడు.

"నువ్వు బుగులుపడి పిల్లను బుగులుపెట్టకు తల్లీ."

నేను భౌతికశాస్త్రం చదివినదాన్ని. కాగితం మీద అంకెలు కనిపించాయి, నమ్మాను. పెద్ద డాక్టరుకు చూపిద్దామనుకున్న విశాఖ ప్రయాణం మానుకున్నాం.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒకరోజు రోడ్డు దాటుతుంటే ఎడమ నుంచి లారీ హారన్ కొట్టింది. దీప కుడివైపు చూసింది. చెయ్యి పట్టి వెనక్కి లాగాను. మర్నాడు మళ్లీ దవాఖానాకు వెళ్లాం.

"ఏంది, కాగితం పోగొట్టుకున్నవా?" అన్నాడు రామనర్సయ్య.

"ముందు నాకు పరీక్ష చెయ్యి బాబాయ్. పిల్లకి ఎలా వినబడుతుందో చూస్తాను."

మూత తెరిచి, హెడ్‌ఫోన్స్ నా తలకు పెట్టాడు. కూత వినబడింది, చెయ్యెత్తాను. కానీ ఏ చెవిలోనో తేల్చుకోలేకపోయాను. హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకున్నాను. కూత ఆగలేదు. లాప్‌టాప్ స్పీకర్ల నుంచి గదిలోకి వస్తోంది. ఆయన నా చేతినే చూస్తున్నాడు.

"తీసినవేంది? వినబడతలేదా?"

"నీకు వినబడటం లేదా బాబాయ్?"

"నీ చెవుల మోగేది నాకెట్ల వినబడ్తది?"

సౌండ్ సెట్టింగ్స్ తెరిచాను. హెడ్‌ఫోన్ తీగ గుచ్చే ఉంది, ఔట్‌పుట్ మాత్రం స్పీకర్స్ అని ఉంది. హెడ్‌ఫోన్స్ ఎంచుకున్నాను. గదిలో కూత ఆగి నా ఒళ్లో మొదలైంది. మూత మూసి తెరిచాను. మళ్లీ స్పీకర్స్. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. డాక్టరు నేర్పిన పూట మూత ఎవరూ మూయలేదు. ఆ తర్వాత ఈయన ప్రతి పిల్లకూ ముందు మూశాడు. పిల్లలు బాగున్న చెవితో గదిలోని కూత విని, రెండు చెవులకూ చెయ్యెత్తారు.

ఇదంతా ఆయనకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. నా పెదవులే చూశాడు. తర్వాత వంగి స్పీకర్‌కు చెవి ఆనించాడు.

"ఇప్పుడొస్తున్నదా?"

"వస్తోంది."

స్పీకర్ దగ్గర నుంచి చెవి తీసి లేచాడు.

"క్రషర్ కాడ మాకందరికీ చెవులు ఇట్లనే ఉండె. వయసని అనుకున్న."

దీపను కుర్చీలో కూర్చోబెట్టాడు. ఈసారి నన్ను బయటికి పంపలేదు. ఔట్‌పుట్ నేనే చూశాను. కుడి చెవికి చెయ్యి వెంటనే లేచింది. ఎడమ చెవికి మార్చి, శబ్దం కొంచెం కొంచెం పెంచుతూ పోయాడు. దీప చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. తెర మీద శబ్దం గీత చివరికి వచ్చింది.

"తాతా, ఆట మొదలుపెట్టవా?" అంది.

విశాఖలో డాక్టరు కాగితాలు చూసి, మొదటి రెండు వారాల్లో వచ్చి ఉంటే మందులతో ప్రయత్నించేవాళ్లమని చెప్పాడు. ఫలితం ఉండేదో లేదో చెప్పలేనన్నాడు. ఇక ఆ చెవికి వినికిడి రాదన్నాడు. తిరిగి వచ్చాక ఆ మూడు మాటలూ రామనర్సయ్యకు చెప్పాను. ఒక్కటీ దాచలేదు. ఆయన రిజిస్టరు తీసి, తను మూత మూయడం మొదలుపెట్టిన నాటి నుంచి ఉన్న పేర్ల పక్కన గుర్తు పెట్టుకున్నాడు. యాభై ఏడు మంది.

ఇప్పుడు తీగ గుచ్చాక ఇంకొకరి తలకు పెట్టి, ఏ చెవిలో వినబడిందో అడిగి గాని పరీక్ష మొదలుపెట్టడు. సంత రోజు రిజిస్టరు చంకన పెట్టుకుని తల్లులను వెతుకుతాడు. కొందరు మిర్చి కోతలకు తెలంగాణ పోయారు. దొరికినవాళ్లు అందరూ రారు. పోయిన వారం నేను పక్కనే ఉన్నాను. ఇప్పపువ్వు అమ్ముతున్న లక్మే అనే ఆమె, ఆయన చెప్పింది విని తట్ట సర్దుకుంది.

"అప్పుడు నా బిడ్డ చెవులు మంచిగున్నయంటివి. ఇప్పుడు మళ్ల తీసుకరమ్మంటివి. చెవుడు నీ పెట్టెకా, నీకా ముసలోడా?"

ఆయన ఆమె మొహమే చూస్తున్నాడు.

"నాకే" అన్నాడు. "బిడ్డను తీసుకరా."